పండ్ల పెట్టెలో పెట్టే కార్డు

మే నెల వచ్చిందంటే మా నూజివీడు ఇంటి వసారాలో కాలు పెట్టడానికి చోటుండదు. ఓ పక్క చిన్న రసాలు, ఓ పక్క బంగినపల్లి, మధ్యలో వరిగడ్డి, అట్టపెట్టెలు, పురికొస ఉండలు. హైదరాబాదులో చెల్లెలికి ఒకటి, విశాఖలో పెద్దమ్మకి ఒకటి, తెనాలి వియ్యాలవారికి రెండు. ఇలా ఏటా పదిహేను, పదహారు పెట్టెలు కడతాం. ప్రతి పెట్టెలోనూ మూత వేసే ముందు గడ్డి మీద ఓ కార్డు పెట్టడం నా వాటా పని. చేత్తో చేసిన కార్డు.

మొదటి ఏడు పరువు పోయింది. తెల్ల అట్ట మీద పోస్టర్ రంగులతో మామిడి కొమ్మ వేసి, ఆకుపచ్చా పసుపూ దండిగా అద్ది, మురిసిపోయి పంపాను. మూడో రోజు చెల్లెలు ఫోన్ చేసింది. "అన్నయ్యా, కార్డు మీద కొమ్మ లేదు. నీ కొమ్మ పండు మీద ఉంది." మాగే పండు ఊపిరి తీసుకుంటుంది, వేడి పుట్టిస్తుంది, చెమ్మ వదులుతుంది. మూసిన పెట్టెలో రెండు రోజులు ఆ ఆవిరికి నా రంగులన్నీ కరిగి కారాయి. పండ్లు కడుక్కుని తిన్నారు, కార్డు మాత్రం చెత్తబుట్టలోకి పోయింది.

అప్పటి నుంచీ ఏ కాగితం కొన్నా, ఏ రంగు కలిపినా నన్ను నేను అడిగేది ఒకటే మాట: ఇది గడ్డిలో రెండు రోజులు పడుకుని లేస్తుందా? కింద చెప్పేదంతా ఆ ప్రశ్నకి నేను వెతుక్కున్న జవాబు.

ముందు అట్ట. స్టేషనరీ షాపులో 300 జీఎస్‌ఎం అట్ట అడిగితే ఇస్తారు. ఏ4 అట్టని అడ్డంగా రెండు ముక్కలు చేస్తే రెండు కార్డులు. ఒక్కో ముక్కని మధ్యకి మడిస్తే పోస్టుకార్డు కంటే కాస్త పెద్దదిగా, 105 మిల్లీమీటర్ల వెడల్పు, 148 ఎత్తు వస్తుంది. మడిచే ముందు ఓ పరీక్ష ఉంది. చెక్కకున్నట్టే కాగితానికీ పోగు వాలు ఉంటుంది. అట్టని పొడవునా ఓసారి, అడ్డంగా ఓసారి మెల్లగా వంచి చూడండి. ఎటు సులువుగా వంగితే పోగు అటు నడుస్తున్నట్టు. మడత ఆ వాలు వెంబడి పడితే నున్నగా వస్తుంది, ఎదురు పడితే అంచు పగిలి తెల్లటి నూగు లేస్తుంది. మడత పడాల్సిన చోట స్కేలు పెట్టి, సిరా అయిపోయిన బాల్‌పెన్నుతో ఒక్క గీత నొక్కి గీస్తే చాలు, ఇంకే పనిముట్టూ అక్కర్లేదు.

ఇక పూల కాగితాలు. బెజవాడ వన్‌టౌన్ వెళ్తే బంగారు చుక్కలవీ జరీ తీగలవీ బోలెడు దొరుకుతాయి. పెళ్లి కార్డులు వేసే ప్రెస్సుల్లో మిగిలిన కత్తిరింపులు అడిగితే ఊరికే ఇచ్చినా ఇస్తారు. అవి బాగుంటాయి కానీ అందరి దగ్గరా అవే ఉంటాయి. మా చుట్టుపక్కల మాత్రమే కుప్పలుగా పడుండే కాగితం ఒకటుంది. కాయలకి తొడిగే కవరు.

ఇప్పుడు మా తోటల్లో చాలామంది రైతులు పిందె కోడిగుడ్డంత కాగానే కాయకాయకీ కవరు కడుతున్నారు. ఈగ కుట్టదు, మచ్చ పడదు, కాయ మంచి రంగు తిరుగుతుంది. రెండు పొరల కవరు అది: బయట గోధుమ రంగు, లోపల నలుపు. కోత అయ్యాక చిరిగినవీ నలిగినవీ చెట్ల కింద పోగులు పడి ఉంటాయి. మూతి దగ్గరి తీగ తీసేసి, అతుకులు విప్పి, తడిగుడ్డతో దుమ్ము తుడిచి, పాత నోటుపుస్తకాల కింద రెండు రోజులు అణిచి పెడితే చదునైన కాగితం చేతికొస్తుంది. ఎండకీ మంచుకీ వెలిసిన మచ్చలు, కొమ్మ రాసుకున్న గీతలు దాని మీద అప్పటికే ఉంటాయి. అంతకంటే మంచి డిజైను నేను వేయలేను. ఒకటే చిక్కు. వానకి ఓర్చేలా చేసిన కాగితం కాబట్టి నీళ్ల రంగు దాని మీద తామరాకు మీద నీళ్లే. నల్ల పొర మీద మాత్రం తెల్ల ఫ్యాబ్రిక్ రంగు చక్కగా నిలుస్తుంది. అమావాస్య రాత్రి తోటలా ఉంటుంది.

రెండో రకం గంజి కాగితం. ఒకప్పుడు యూరప్‌లో పుస్తకాలు బైండు చేసేవాళ్లు అట్టల మీదికి ఇలాంటి కాగితమే చేసుకునేవారు. పావు గ్లాసు మైదాని రెండు గ్లాసుల నీళ్లలో ఉండ కట్టకుండా కలిపి, సన్న సెగ మీద పాయసమంత చిక్కబడేదాకా ఉడికించాలి. గాలిపటాలకి చేసుకునే జిగురే, కాస్త జారుగా. చల్లారాక రంగు కలపాలి. పోస్టర్ రంగు వద్దు, ఎందుకో పైన చెప్పాను. యాక్రిలిక్ గానీ ఫ్యాబ్రిక్ రంగు గానీ. కాగితాన్ని ముందు తడిగుడ్డతో తుడిచి, వెడల్పాటి బ్రష్షుతో గంజి పూసి, ఆరేలోపు పళ్లు విరిగిన దువ్వెనతో గీయాలి. పళ్లున్న చోట తెల్లటి దారులు, విరిగిన చోట రంగు పట్టీలు పడతాయి. చెయ్యి వణికిస్తే అలలు. నచ్చకపోతే మళ్లీ పూసి మళ్లీ గీయొచ్చు, గంజి తడి ఉన్నంతసేపూ ఏ తప్పయినా దిద్దుకోవచ్చు. ఆరాక కాగితం ముడుచుకుంటే వెనకవైపు గుడ్డ వేసి ఇస్త్రీ చేయండి. పురుగు పట్టకుండా బైండింగువాళ్లు జిగురులో మైలుతుత్తం కలుపుతారు. అది విషం. పిల్లలు చేతులు పెట్టే చోటా, పండ్ల పెట్టెలోకి వెళ్లే కార్డుకీ అది వద్దే వద్దు.

మామిడాకు అచ్చు గురించి ఒక్క మాట. ఆకు పైభాగం నున్నగా జారుతుంది, ఈనెలు ఉబ్బి ఉండేది అడుగు భాగం. రంగు అడుక్కే పూయాలి. పైన కాగితం కప్పి అప్పడాల కర్రతో ఒక్కసారి దొర్లించాలి. రెండోసారి దొర్లిస్తే అలుక్కుపోతుంది.

ఇప్పుడు అసలు పని, స్టెన్సిల్. ఇది మనకి కొత్త విద్యేం కాదు. సంక్రాంతికి తిరునాళ్లలో అమ్మే ముగ్గు జల్లెడ ఏమిటి? రేకుకి చిల్లులు పొడిచి, పైన పిండి పోసి తడితే కింద పద్మం పడుతుంది. కార్డు మీద చేసేదీ అదే, పిండి బదులు సిరా. పెళ్లి కార్డులకి వాడే స్క్రీన్ ప్రింటింగ్ కూడా సన్నటి బట్ట మీద కట్టిన స్టెన్సిలే.

రేకు కోయలేం కనుక పాత ఎక్స్‌రే ఫిల్ము తీసుకుంటాను. ప్రతి ఇంట్లోనూ బీరువా మీద రెండు మూడు ఉంటాయి, ఎవరి మోకాలో ఎవరి ఊపిరితిత్తులో. నానదు, చిరగదు, కడిగితే శుభ్రపడుతుంది. జిరాక్స్ షాపులో దొరికే పారదర్శక షీటు అయినా సరే. బొమ్మ కాగితం మీద గీసి ఫిల్ము కింద పెట్టి, కిటికీకి ఆనించి మార్కరుతో దిద్దుకుని కట్టరుతో కోయాలి. ముందు చిన్న చిల్లులు, ఆఖర్న పెద్దవి. పెద్దవి ముందు కోసేస్తే షీటు వదులైపోయి చిన్నవి కోసేటప్పుడు చేతిలో ఊగుతుంది. వంపు వచ్చినప్పుడు కత్తి తిప్పకూడదు, షీటు తిప్పాలి.

మొదటి బొమ్మగా మామిడి పిందె కోయండి. పెడన అద్దకాల్లో, ధర్మవరం అంచుల్లో మనం పుట్టినప్పటి నుంచీ చూస్తున్న ఆకారం, తోక ఓ పక్కకి తిరిగి ఉంటుంది. అది ఒంటిగా కోసినంతసేపూ బాధ లేదు. పిందెలో పిందె, దాని మధ్య పువ్వు అనుకున్నారా, లోపలి ముక్క దేన్నీ పట్టుకోకుండా రాలి కింద పడుతుంది. అందుకే గీసేటప్పుడే లోపలి ముక్కని బయటి అంచుతో కలిపే సన్నటి కట్లు వదలాలి. బియ్యపు గింజ వెడల్పు చాలు. పెడన టేకు అచ్చులకి ఈ బెంగ లేదు. అక్కడ బొమ్మ చెక్క మీద ఉబ్బెత్తుగా నిలిచి ఉంటుంది కాబట్టి ఎన్ని గీతల్లో గీతలైనా చెక్కుకోవచ్చు. చిల్లులోంచి రంగు పోయించేవాడికే ఈ తిప్పలు.

అచ్చులో సుఖంగా ఉండే తెలుగు అక్షరం స్టెన్సిల్ దగ్గర చుక్కలు చూపిస్తుంది. ఇంగ్లీషులో ఓ, ఏ, బీ లాంటి ఏడెనిమిది అక్షరాలతోనే పేచీ. మనవన్నీ గుండ్రాలు. తాటాకు మీద గంటంతో తిన్నగా అడ్డగీత గీస్తే ఆకు చీలుతుందని వంపులు తిప్పారంటారు. తాటాకుకి మంచిదే జరిగింది, నా ఎక్స్‌రే ఫిల్ముకి కాదు. 'ర' కోస్తే నడిమి బిళ్ల రాలిపోతుంది. రసాలు అని రాయాలంటే మొదటి అక్షరమే అది! మా మేనకోడలు వేసవి సెలవుల్లో వచ్చి 'శుభాకాంక్షలు' అని ఎంతో ఓపిగ్గా కోసింది. ఆఖరి కోత పూర్తి చేసి షీటు పైకెత్తేసరికి, "మావయ్యా, సున్నా ఊడిపోయింది!" అని కళ్లనీళ్లు పెట్టుకుంది. సున్నా ఉండాల్సిన చోట పేద్ద చుక్క మిగిలింది.

దీనికి మూడు దారులున్నాయి. మొదటిది కట్లే. 'ర' బిళ్లకి పైనొకటి, కిందొకటి. చదవడానికి అడ్డురావు, లారీల మీద అక్షరాల్లా కాస్త మొరటుగా ఉంటాయి, అదీ ఓ అందమే. రెండోది జపాన్‌వాళ్ల దారి. బట్టల మీద అద్దకానికి వాళ్లు కతగామి అనే కాగితపు స్టెన్సిళ్లు చేస్తారు, ఇసె ప్రాంతం వాటికి పేరు. మల్బరీ కాగితాన్ని పొరలు పొరలుగా అంటించి, వగరు ఎక్కువుండే పెర్సిమన్ పండు రసంతో గట్టిపరుస్తారు. రాలిపోయే ముక్కలుంటే సన్నటి పట్టుదారాలు అడ్డంగా అంటించి నిలబెడతారు. దారం మీదుగా రంగు కిందికి దిగుతుంది కాబట్టి దారం జాడ అచ్చులో కనపడదు. నా దగ్గర పట్టుదారం, అంత ఓపికా లేక చిరిగిన దోమతెర ముక్క అంటించాను. బిళ్లలు కదలకుండా నిలిచాయి. రంగు పలచన చేస్తే తెర గళ్లు కనపడలేదు, చిక్కగా ఉంటే కనపడ్డాయి.

మూడో దారి మా మేనకోడలిది. సున్నాలు అసలు కోయదు. మిగతా అక్షరాలు స్టెన్సిల్‌తో అద్దాక, పెన్ను మూతని స్టాంపు ప్యాడ్ మీద అద్ది సున్నా ఉండాల్సిన చోట నొక్కుతుంది. చక్కటి గుండ్రం పడుతుంది. నా ఎన్నేళ్ల దోమతెర పాండిత్యమో అక్కడితో ఆగిపోయింది.

సిరాల సంగతి. పని త్వరగా తెమలాలంటే స్టాంపు ప్యాడ్ సిరా, లేదా ఫ్యాబ్రిక్ రంగు. ఫ్యాబ్రిక్ రంగు ఒక్కసారి ఆరిందంటే చెమ్మకి లొంగదు. మొదటి ఏటి అవమానం తర్వాత రెండేళ్లు దాన్నే వాడాను.

ఆ మరుసటి ఏడు మా అమ్మ ఆవకాయకి కాయ కొడుతుంటే పక్కన కూర్చున్నాను. ముక్కకి టెంక ఉండాలి, జీడి ఉండకూడదు. కాయ కొట్టినకొద్దీ కత్తి అంచు నల్లబడుతూ వస్తోంది. జీడి తీసిన వేళ్లూ, తుడిచిన గుడ్డా నలుపే. "ఈ మరక బట్టకి తగిలితే చచ్చినా పోదు" అంది అమ్మ. ఆ మాట అమ్మ మాకు చిన్నప్పటి నుంచీ చెబుతున్నదే. ఆ రోజు మాత్రం నాకు తిట్టులా కాదు, సిరా గురించిన మంచి కబురులా వినపడింది.

అక్కడ జరిగేది ఇదీ. మామిడి జీడిలో వగరు ఉంటుంది, టానిన్. అది ఇనుముతో కలిస్తే నల్లటి రంగు పుడుతుంది, గాలి తగిలినకొద్దీ ఇంకా నల్లబడుతుంది, నీళ్లలో కరగదు. పెడనలో బట్టని ముందు కరక్కాయ నీళ్లలో ముంచి, తుప్పు ఇనుమూ బెల్లమూ ఊరబెట్టిన నీటితో అద్దితే నలుపు తేలేదీ ఈ కిటుకుతోనే. వాళ్ల కరక్కాయ చేసే పని మా పెరట్లో పారేసే జీడీ చేస్తుంది.

పది పన్నెండు జీడులు పైపొట్టుతో సహా నలగ్గొట్టి, అర లీటరు నీళ్లలో సగమయ్యేదాకా మరిగించి గుడ్డలో వడకట్టండి. స్టీలు గిన్నె వాడాలి. ఇనప మూకుడులో పెడితే సిరా గిన్నెలోనే తయారైపోతుంది, ఆపైన ఆ మూకుడులో పోపు వేసినవాళ్ల నోట మీ పేరు నలుగుతుంది. ఇనప నీళ్లకి రెండు వారాల ముందే సిద్ధం కావాలి. గుప్పెడు తుప్పు మేకులు సీసాలో వేసి, బెల్లం నీళ్లు పోసి, మూత వదులుగా పెట్టి ఎండ తగలని మూల ఉంచండి. పులిసి పొంగుతుంది కాబట్టి మూత బిగించకూడదు. ఆగలేనివాళ్లు బెల్లం బదులు వెనిగర్ పోస్తే వారంలోపే పని జరుగుతుంది. సీసా మీద పెద్ద అక్షరాలతో 'తాగరాదు' అని రాయండి, చూడ్డానికి అచ్చం కషాయంలా ఉంటుంది.

జీడి కషాయంలో ఇనప నీళ్లు చెంచాలుగా కలుపుతూ పోతే గోధుమ రంగు కాస్తా బూడిదకి, బూడిద నలుపుకి తిరుగుతుంది. అక్కడ ఆపాలి. ఇనుము ఎక్కువైతే సిరా ఏళ్ల తరబడి కాగితాన్ని తినేస్తుంది. పాత దస్తావేజుల్లో అక్షరం ఉన్న చోట చిల్లు పడేది అందుకే. ఈ సిరా నీళ్లలా పలచన, అలాగే స్టెన్సిల్‌కి వాడితే అంచు కిందికి పాకుతుంది. నానబెట్టిన తుమ్మజిగురు కలిపి తేనెంత చిక్కన చేసుకోవాలి.

పిల్లలుంటే ఇంకో పద్ధతి చేసి చూపించండి. ఉత్త కషాయాన్ని కార్డంతా పూసి ఆరనివ్వాలి, లేత గోధుమ రంగు తప్ప ఏమీ కనపడదు. దాని మీద స్టెన్సిల్ పెట్టి, జిగురు కలిపిన ఇనప నీళ్లు అద్ది షీటు ఎత్తితే, అప్పటిదాకా ఏమీ లేని చోట పిందె నల్లగా తేలుతుంది. మా మేనకోడలు ఆ ఏడు నలభై పిందెలు అచ్చు వేసింది.

అద్దడంలో అందరం చేసే తప్పు ఒకటే, రంగు ఎక్కువ తీసుకోవడం. దిండులోంచి తీసిన స్పాంజి ముక్కని సిరాలో ముంచి, ముందు పాత పేపరు మీద తడుతూ పోవాలి. ఇక రంగు అయిపోయిందేమో అనిపించినప్పుడు కార్డు మీదికి రావాలి. స్టెన్సిల్ నాలుగు మూలలా టేపు వేసి, స్పాంజి నిటారుగా పట్టుకుని అద్దాలే తప్ప రుద్దకూడదు. అంచుల నుంచి లోపలికి. మొదటి వరస వెలవెలబోతూ ఉంటుంది, కంగారుపడి ఇంకో ముంచు ముంచకండి, అదే పొడి స్పాంజితో రెండో వరస, మూడో వరస వేయండి. అంచు దగ్గర చిక్కన, మధ్యలో పలచన వదిలితే పిందె ఉబ్బినట్టు కనపడుతుంది. షీటు తీసేటప్పుడు ఒక పక్క నుంచి పైకెత్తాలి, పక్కకి లాగితే ఇంతసేపటి పనీ అలుక్కుపోతుంది. పీచు మామిడి టెంక కడిగి ఎండబెడితే మంచి కుంచె అవుతుంది. దాంతో అద్దితే నున్నటి రంగు బదులు గరుకు చారలు పడతాయి, చెట్టు బెరడు వేయడానికి నేను అదే వాడతాను.

కార్డు కూర్చడం పెద్ద కథ కాదు. గంజి కాగితమో కవరు కాగితమో కార్డు కంటే అంగుళంలో నాలుగోవంతు చిన్నదిగా కోసి మైదా జిగురుతో అంటించి, దాని మీద అచ్చు వేసిన ముక్క. జిగురు పలచగా పూసి, పైన బరువు పెట్టి రాత్రంతా వదిలేయాలి. పెట్టెలోకి వెళ్లే కార్డయితే కనీసం ఒక రోజంతా నీడలో ఆరాలి.

ఉగాదికి పోస్టులో పంపేవాళ్లు తూకం చూసుకోండి. మామూలు కవరు 20 గ్రాముల దాకా 5 రూపాయల స్టాంపుతో పోతుంది. మనం కోసిన అట్ట ఒక్కటే 9 గ్రాములు దాటుతుంది, కవరు ఇంకో 4 గ్రాములు. అంటే పైన అంటించే వాటికి మిగిలేది ఆరేడు గ్రాములే. రెండు మూడు పొరలు దాటితే ఇంకో స్టాంపు తప్పదు. మా ఊరు 2022 ఏప్రిల్ దాకా కృష్ణా జిల్లా, ఇప్పటికీ చాలామంది వెనక చిరునామాలో అదే రాస్తారు. పిన్‌కోడ్ 521201 సరిగ్గా ఉంటే జిల్లా తగాదా ఉత్తరాన్ని ఆపదు.

కార్డుకి చేత్తో రంగులద్దడం కొత్తేం కాదు. 1843లో లండన్‌లో హెన్రీ కోల్ అనే ఆయన వేయించిన తొలి క్రిస్మస్ కార్డుకి కూడా గీతలు మాత్రమే అచ్చు, రంగులు చేత్తో అద్దినవే. వెయ్యి కార్డులట. నాకు పదహారు చేసేసరికే బొటనవేలు కాయ కాస్తుంది.

పెట్టె సర్దే రోజు ఒక జాగ్రత్త. కాయని ముచ్చికతో కోసి, ముచ్చిక విరిచి, తలకిందులుగా ఆనించి సొన పూర్తిగా కారనివ్వాలి. సొన చుక్క చర్మాన్నే కాలుస్తుంది, కార్డుని వదులుతుందా? నిరుడు ఒక కార్డు మీద పడి గోధుమ రంగు మరక దిగింది. పారేయడానికి మనసొప్పక మరక చుట్టూ గీత గీసి, తోక పెట్టి, దాన్నే పిందె చేశాను. అందరికీ ఆ కార్డే నచ్చింది, కాస్త కష్టమేసింది.

లోపల ఏం రాయాలి? శుభాకాంక్షలు పైనే ఉన్నాయి. కాబట్టి నేను లోపల పని మాటలే రాస్తాను. చెల్లెలి పెట్టెలో ఈసారి రాసింది ఇదీ: "పై వరస చిన్న రసాలు, రేపే తినండి. కోయొద్దు, పిసికి జుర్రుకోవాలి, పిల్లలకి నేర్పు. కింది వరస బంగినపల్లి, శుక్రవారం దాకా ముట్టుకోకండి. అడుగున మూలగా గుడ్డసంచిలో ఉన్నవి కలెక్టరు కాయలు, బావగారికి పప్పులోకి."

గడ్డి సర్ది, కార్డు పెట్టి, దాని మీద ఇంకో గుప్పెడు గడ్డి కప్పి, మూత వేసి పురికొస బిగించాను. మూడో రోజు ఫోన్ వచ్చింది. కొమ్మ కార్డు మీదే ఉందట. రసాలు మాత్రం ఆ రాత్రే అయిపోయాయట, మళ్లీ ఎప్పుడు పంపుతావని అడిగింది.